విదేశంలో స్వచ్ఛంద సేవకు వెళ్లేముందు: సరైన వీసా ఎంచుకోవడం ఎలా, ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి

"జీతం తీసుకోవడం లేదు కదా, టూరిస్టు వీసా సరిపోదా?" విదేశాల్లో కొన్ని వారాలో, కొన్ని నెలలో స్వచ్ఛంద సేవ చేయాలనుకునేవారు అందరికన్నా ముందు అడిగే ప్రశ్న ఇదే. కొన్ని దేశాల్లో షరతులతో సరిపోతుంది, చాలా దేశాల్లో సరిపోదు. మీరు డబ్బు తీసుకోకపోయినా, మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని మీరు చేస్తే అది "పని" కిందికే వస్తుందని అనేక దేశాల వలస చట్టాలు భావిస్తాయి. భోజనం, వసతి కూడా ప్రతిఫలమేనని కొన్ని చట్టాలు స్పష్టంగా చెబుతాయి. కాబట్టి వీసా పేరు వెతకడానికి ముందు, మీరు చేయబోయే పని ఆ దేశ చట్టం దృష్టిలో ఏమవుతుందో తేల్చుకోవాలి. ఈ వ్యాసంలోని దశలన్నీ ఆ క్రమంలోనే ఉన్నాయి.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- పాస్‌పోర్టు. తిరుగు ప్రయాణం తేదీ తర్వాత కనీసం ఆరు నెలల గడువు ఉంటే చాలా దేశాలకు ఇబ్బంది ఉండదు. షెంజెన్ దేశాలకైతే (ఉమ్మడి వీసా విధానం పాటించే ఐరోపా దేశాలు) పాస్‌పోర్టు గత 10 సంవత్సరాలలోపు జారీ అయినదై ఉండాలి, అక్కడి నుంచి బయలుదేరే తేదీ తర్వాత మూడు నెలలు చెల్లుబాటు కావాలి, కనీసం రెండు ఖాళీ పేజీలు ఉండాలి.
- ఆతిథ్య సంస్థ ఇచ్చే ఆహ్వాన లేఖ, ఆ సంస్థ నమోదుకు సంబంధించిన రుజువు.
- ఖర్చులు ఎవరు భరిస్తారో చూపే ఆధారాలు: మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, లేదా సంస్థ ఇచ్చే లిఖితపూర్వక హామీ.
- సేవాకాలం ముగిశాక స్వదేశానికి తిరిగివస్తారని చూపే పత్రాలు: ఉద్యోగంలో మంజూరైన సెలవు పత్రం, కళాశాల ధ్రువీకరణ, కుటుంబ బాధ్యతల వివరాలు వంటివి.
- పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్. పిల్లలతోనో, వృద్ధులతోనో, వికలాంగులతోనో పనిచేసేటట్లయితే దీన్ని తప్పనిసరి అనుకోండి. వీసా అధికారులు అడగకపోయినా, ఇలాంటి చోట అసలు ఏ తనిఖీ పత్రమూ కోరని సంస్థను అనుమానించవలసిందే.
- వృత్తి నిపుణులైతే డిగ్రీలు, వృత్తి మండలి నమోదు పత్రాలు. వీటికి అపోస్టిల్ అడిగే అవకాశం ఉంది. ఇది 1961 నాటి హేగ్ ఒప్పందంలో చేరిన దేశాల మధ్య చెల్లే ధ్రువీకరణ. ఒప్పందంలో లేని దేశమైతే రాయబార కార్యాలయం ద్వారా ధ్రువీకరించుకోవాలి.
- 18 సంవత్సరాలు నిండనివారికి తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం.

దశ 1: చేయబోయే పనిని కాగితం మీద రాయండి

"సమాజ సేవ", "సహాయ కార్యక్రమం" వంటి మాటలు ఇక్కడ పనికిరావు. రోజూ ఏ పని చేస్తారు, వారానికి ఎన్ని గంటలు, ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో, మీరు లేకపోతే ఆ పనికి జీతమిచ్చి మరొకరిని పెట్టుకుంటారా అన్న ప్రశ్నలకు సూటిగా సమాధానాలు రాయండి. తర్వాత మీకు అందేవాటిని రాయండి: భోజనం, గది, చేతి ఖర్చులు, ప్రయాణ ఖర్చులు, కోర్సు ఫీజులో రాయితీ. ఏదీ వదలకండి.

ఈ కాగితం చూస్తే చాలా సందేహాలు అక్కడికక్కడే తీరిపోతాయి. ఉదాహరణకు, హాస్టల్ రిసెప్షన్‌లో రోజుకు ఐదు గంటలు కూర్చుని బదులుగా మంచం, అల్పాహారం పొందడం అనేది లాభాపేక్ష గల వ్యాపారానికి చేసే శ్రమ. దానికి ఏ పేరు పెట్టినా దాదాపు ఎక్కడా స్వచ్ఛంద సేవగా ఒప్పుకోరు. అమెరికా కార్మిక చట్టం ప్రకారమైతే లాభాపేక్షగల ప్రైవేటు వ్యాపారంలో "వాలంటీరు" అనే స్థానమే లేదు. దీనికి భిన్నంగా, నమోదైన ధార్మిక సంస్థ కోసం తీరంలో తాబేళ్ల గూళ్లు లెక్కించడానికి మీ ఖర్చులతో మీరు వెళ్తే అనుమతి దొరికే అవకాశం చాలా ఎక్కువ.

వర్క్‌అవే, వూఫ్ వంటి వేదికల ద్వారా వెళ్లేవారు ఈ దశను మరింత శ్రద్ధగా పూర్తిచేయాలి. అక్కడ కుదిరే ఏర్పాటంతా శ్రమకు బదులుగా భోజన వసతులు ఇచ్చే పద్ధతి మీదే నడుస్తుంది. వీసా బాధ్యత మాత్రం పూర్తిగా మీదే.

దశ 2: ఆ దేశ నియమాన్ని మూలంలోనే చదవండి

రాయబార కార్యాలయం వెబ్‌సైటు, ఆ దేశ వలస శాఖ వెబ్‌సైటు తప్ప మరే ఆధారాన్నీ చివరి మాటగా తీసుకోకండి. సందర్శకుల వీసా పేజీలో "అనుమతించిన కార్యకలాపాలు", "నిషిద్ధ కార్యకలాపాలు" అనే భాగాలు ఉంటాయి. స్వచ్ఛంద సేవ గురించిన ప్రస్తావన సాధారణంగా అక్కడే దొరుకుతుంది. చదివిన పేజీని తేదీతో సహా పీడీఎఫ్‌గా దాచుకోండి, ఎందుకంటే నియమాలు ఏడాదిలో ఒకటికి రెండుసార్లు కూడా మారతాయి. ప్రయాణానికి ముందు మళ్లీ ఒకసారి సరిచూసుకోండి.

నియమాలు దేశానికొక తీరుగా ఉంటాయని కింది ఉదాహరణలు చూస్తే తెలుస్తుంది.

బ్రిటన్‌లో సందర్శక వీసా మీద నమోదైన ధార్మిక సంస్థకు మొత్తం 30 రోజుల వరకు స్వచ్ఛంద సేవ చేయవచ్చు, అయితే ప్రయాణంలో అది అనుబంధ కార్యక్రమంగానే ఉండాలి. అంతకు మించితే చారిటీ వర్కర్ వీసా కావాలి. దీనికి లైసెన్సు ఉన్న సంస్థ స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఇవ్వాలి. గరిష్ఠంగా 12 నెలల వరకు ఉండవచ్చు. సముచితమైన ఖర్చులు తప్ప చెల్లింపులు తీసుకోకూడదు. అక్కడ విద్యార్థులుగా ఉన్నవారు మరో తేడా గమనించాలి: నిర్ణీత గంటలు, ఒప్పంద బాధ్యతలు ఉన్న జీతంలేని పనిని అక్కడి నియమాలు ఉద్యోగంతో సమానంగానే చూస్తాయి, కాబట్టి అది మీ వారపు పని గంటల పరిమితిలో కలిసిపోతుంది.

అమెరికాలో గుర్తింపు పొందిన మత లేదా లాభాపేక్షలేని ధార్మిక సంస్థ నడిపే స్వచ్ఛంద సేవా కార్యక్రమానికి బి-1 అనే తాత్కాలిక వ్యాపార సందర్శక వీసా వర్తిస్తుంది. ఆ సంస్థలో మీరు సభ్యులై ఉండాలి, దానిపట్ల నిబద్ధత చూపాలి. అమెరికా నుంచి జీతం రాకూడదు, ఖర్చుల భత్యం మాత్రం తీసుకోవచ్చు. వస్తువులు అమ్మడం, విరాళాలు అడగడం కుదరదు. విరాళాల శిబిరంలో సరదాగా కాసేపు కూర్చున్నాననుకునేవారు ఈ చివరి షరతును మరచిపోతుంటారు.

ఆస్ట్రేలియా నిబంధనల్లో "పని" అంటే అక్కడ మామూలుగా ప్రతిఫలం లభించే కార్యకలాపం. మీకు ప్రతిఫలం అందిందా లేదా అన్నది తర్వాతి మాట. సందర్శక వీసా మీద సేవ చేయాలంటే ప్రయాణ ప్రధానోద్దేశం పర్యటనే అయి ఉండాలి, చేసే పని నిజంగా స్వచ్ఛందమై ఉండాలి, జీతం ఇచ్చి అక్కడి నివాసితులతో చేయించేదై ఉండకూడదు. న్యూజిలాండ్ మరింత కఠినం: "లాభం లేదా ప్రతిఫలం" కోసం చేసేదంతా పనే, భోజన వసతులూ ప్రతిఫలమే. అందువల్ల పొలంలో పనిచేసి గది, భోజనం పొందాలంటే పని హక్కు ఉన్న వీసా కావాలి.

కెనడాలో వేతనం లేకపోయినా, అక్కడి కార్మికులకు నేరుగా పోటీ అయ్యే కార్యకలాపాన్ని పనిగానే లెక్కిస్తారు. ధార్మిక సేవకు వర్క్ పర్మిట్ అవసరమైన సందర్భాల్లో, స్థానిక కార్మికులు దొరకలేదని నిరూపించే ప్రక్రియ నుంచి మినహాయింపు లభించే మార్గం ఉంది.

షెంజెన్ ప్రాంతంలో స్వల్పకాలిక వీసా 90 రోజులకే పరిమితం, దాని మీద సేవ చేయవచ్చా అన్నది ఆయా దేశాల జాతీయ చట్టాన్ని బట్టి ఉంటుంది. దీర్ఘకాలానికి జాతీయ వీసా, దాని వెంట నివాస అనుమతి కావాలి. జర్మనీలో స్వచ్ఛంద సామాజిక సంవత్సరం, సమాఖ్య స్వచ్ఛంద సేవ అనే చట్టబద్ధ కార్యక్రమాలు ఉన్నాయి. మొదటిది 27 సంవత్సరాలు నిండనివారికి, రెండవది అంతకు పైబడినవారికి కూడా. వీటిలో చేతి ఖర్చులు, సామాజిక బీమా ఉంటాయి. 2016 నాటి ఐరోపా సమాఖ్య ఆదేశం కూడా ఐరోపా స్వచ్ఛంద సేవా పథకంలో చేరినవారి ప్రవేశానికి ఉమ్మడి నియమాలు పెట్టింది.

థాయిలాండ్‌లో నాన్ ఇమిగ్రెంట్ "ఓ" వీసాతో పాటు వర్క్ పర్మిట్ కూడా తీసుకోవాలి, వీసా ఒక్కటే ఉంటే చాలదు. నేపాల్‌లో టూరిస్టు వీసా మీద జీతం ఉన్నా లేకపోయినా పనిచేయడం నిషిద్ధం. టాంజానియాలో స్వచ్ఛంద సేవకులకు "సి" తరగతి నివాస అనుమతి, ఇజ్రాయెల్‌లో బి-4 వీసా ఉన్నాయి. భారతదేశానికి వచ్చే విదేశీ పౌరులకైతే ఈ-టూరిస్టు వీసా మీద ఒక నెల మించని, ఏ రూపంలోనూ ప్రతిఫలంలేని స్వచ్ఛంద సేవకు అవకాశం ఇస్తున్నారు.

హెచ్చరిక: వైద్యులు, నర్సులు ఈ దశలోనే ఆగి మరో ప్రశ్న వేసుకోవాలి. సరైన వీసా ఉన్నంత మాత్రాన రోగులకు చికిత్స చేసే హక్కు రాదు, దానికి ఆ దేశ వృత్తి మండలి అనుమతి వేరుగా తీసుకోవాలి. మత ప్రచారం ఏ కొంచెం కలిసినా సాధారణ సేవా వీసా పనికిరాని దేశాలు చాలా ఉన్నాయి. నేపాల్‌లో మతమార్పిడి చేయించడం శిక్షార్హమైన నేరం.

రాతపూర్వకంగా స్పష్టత దొరకకపోతే దశ 1లో రాసిన వివరాలతో రాయబార కార్యాలయానికి ఈమెయిలు పంపండి. "నాకు ఏ వీసా కావాలి" అని అడిగితే సాధారణ లింకు ఒకటి పంపి ఊరుకుంటారు. "ఫలానా సంస్థలో, ఫలానా తేదీల మధ్య, వారానికి 20 గంటలు, జీతం లేకుండా, సంస్థ ఇచ్చే గదిలో ఉంటూ ఈ పని చేస్తాను, సందర్శక వీసా మీద దీనికి అనుమతి ఉందా" అని అడిగితే అవునో కాదో చెప్పే అవకాశం ఎక్కువ. వచ్చిన జవాబును అచ్చుతీసి దగ్గర ఉంచుకోండి.

దశ 3: సంస్థను పరీక్షించండి

వీసా సరిగ్గా ఉండి సంస్థ సరైనది కాకపోతే మొత్తం ప్రయాణం చెడుతుంది. బ్రిటన్‌లో చారిటీ కమిషన్, ఆస్ట్రేలియాలో ధార్మిక సంస్థల కమిషన్, అమెరికాలో అంతర్గత ఆదాయ శాఖ, కెనడాలో రెవెన్యూ ఏజెన్సీ ధార్మిక సంస్థల జాబితాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా అందుబాటులో ఉంచుతాయి. సంస్థ పేరు, నమోదు సంఖ్య, చిరునామా మూడూ లేఖలో ఉన్నవాటితో సరిపోలాలి. పేరు మాత్రమే సరిపోలితే చాలదు, పేరున్న సంస్థలను పోలిన పేర్లతో మోసం చేసేవారు ఉన్నారు.

రుసుము విషయంలో ఒక కొలబద్ద పెట్టుకోండి. ఐక్యరాజ్య సమితి వాలంటీర్ల కార్యక్రమం ఎంపికలో ఏ దశలోనూ అభ్యర్థుల నుంచి డబ్బు తీసుకోదు, కాబట్టి ఆ పేరు చెప్పి "ప్రాసెసింగ్ ఫీజు" అడిగితే అది మోసమే. కొన్ని ప్రైవేటు సంస్థలు కార్యక్రమ రుసుము తీసుకోవడం మామూలే, కానీ అందులో వసతికి ఎంత, స్థానిక ప్రాజెక్టుకు ఎంత, తమ నిర్వహణకు ఎంత అన్న లెక్క అడగండి. లెక్క చెప్పడానికి తటపటాయించే చోటికి వెళ్లవద్దన్నది నా సలహా.

అనాథాశ్రమాల్లో స్వల్పకాలిక సేవకు వెళ్లవద్దు. అక్కడి పిల్లల్లో చాలామందికి తల్లి గానీ తండ్రి గానీ బతికే ఉంటారని, సందర్శకులు తెచ్చే డబ్బు కోసమే కొన్నిచోట్ల పిల్లలను కుటుంబాల నుంచి తెచ్చి పెడుతున్నారని బాలల హక్కుల సంస్థలు ఎన్నాళ్లుగానో చెబుతున్నాయి. 2019 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ కూడా బాలల హక్కుల తీర్మానంలో ఈ అంశాన్ని ప్రస్తావించింది. పిల్లలకు సాయపడాలనుకుంటే కుటుంబాలతో కలిసి పనిచేసే కార్యక్రమాలను వెతకండి.

"ఎయిర్‌పోర్టులో అడిగితే టూరిస్టునని చెప్పండి, అందరూ అలాగే వస్తారు" అని సంస్థ ప్రతినిధి గానీ ఏజెంటు గానీ అంటే, ఇక మిగతా పరీక్షలు అవసరం లేదు. ఆ సంస్థను వదిలేయండి. అబద్ధం చెప్పినవారి మీద నిషేధం పడుతుంది, చెప్పమన్నవారికి ఏమీ కాదు.

దశ 4: ఆహ్వాన లేఖను సరిగ్గా రాయించుకోండి

తిరస్కరణకు గురైన దరఖాస్తుల్లో కనిపించే లేఖలు ఇలా ఉంటాయి: "మా ప్రాజెక్టులో పనిచేయడానికి మీకు స్వాగతం, మీ సేవలు మాకు ఎంతో అవసరం." ఇందులో తేదీలు లేవు, జీతం సంగతి లేదు, "పనిచేయడం" అన్న మాట ఉంది. అధికారికి దీన్ని ఉద్యోగ నియామకంగా చదువుకునే అవకాశం మనమే ఇచ్చినట్లవుతుంది.

లేఖలో ఉండవలసిన సమాచారాన్ని కింది తీరులో రాయించుకోవచ్చు. ఇందులోని ప్రతి వాక్యమూ నిజమైతేనే వాడాలి.

"మా సంస్థ (నమోదు సంఖ్య ఫలానా) తీర పర్యావరణ పరిరక్షణలో ఉన్న లాభాపేక్షలేని ధార్మిక సంస్థ. ఫలానా వారు (పుట్టిన తేదీ, పాస్‌పోర్టు సంఖ్య) జూన్ 1 నుంచి జూన్ 26 వరకు, వారానికి 20 గంటలు మించకుండా, మా తీర కేంద్రంలో తాబేళ్ల గూళ్ల లెక్కింపులో స్వచ్ఛందంగా పాలుపంచుకుంటారు. జీతం, భత్యం ఏమీ చెల్లించము. ఈ పనికి వేతన ఉద్యోగి ఎవరూ లేరు. వసతి, భోజనం, ప్రయాణ ఖర్చులు వారే భరిస్తారు. పర్యవేక్షకుల పేరు, ఫోను నంబరు ఇవి."

లేఖ సంస్థ శీర్షిక పత్రం మీద, తేదీ, సంతకంతో ఉండాలి. అమెరికా బి-1 విషయంలో సంస్థ ఇచ్చే పత్రంలో మీ పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, స్వదేశంలోని శాశ్వత చిరునామా, అమెరికాలో మొదట చేరే చోటి పేరు, చిరునామా, సేవాకాలం ఉండాలని నిబంధన ఉంది. సంస్థ గది ఇస్తుంటే ఆ మాట దాచవద్దు. దాచిన వివరం సంస్థ వెబ్‌సైటులో కనబడితే సమస్య మొదలవుతుంది.

దశ 5: దరఖాస్తు చేయండి

షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. బ్రిటన్ చారిటీ వర్కర్ వీసాకు సేవ మొదలయ్యే తేదీకి మూడు నెలల ముందు నుంచి వీలుంది. జాతీయ వీసాలు, నివాస అనుమతులు ఆలస్యమవుతాయి కనుక వాటికి నెలల వ్యవధి పెట్టుకోండి. వీసా రాకముందు రద్దుచేస్తే డబ్బు తిరిగిరాని టికెట్లు కొనవద్దు.

ప్రయాణ ఉద్దేశం అడిగిన చోట ఉన్నది ఉన్నట్లు రాయండి. ఫారం, ఆహ్వాన లేఖ, టికెట్లు, బీమా అన్నింటిలోనూ తేదీలు ఒకటే కావాలి. సేవాకాలం 26 రోజులని లేఖలో ఉండి, తిరుగు టికెట్టు 80 రోజుల తర్వాతిదైతే, మిగిలిన రోజులు ఏం చేస్తారో వివరించే ప్రయాణ ప్రణాళిక జతచేయాలి. గతంలో ఏ దేశమైనా వీసా తిరస్కరించి ఉంటే తప్పక చెప్పండి. తిరస్కరణ వల్ల కలిగే నష్టం కన్నా దాన్ని దాచడం వల్ల కలిగే నష్టం చాలా పెద్దది: మోసపూరిత సమాచారం ఇచ్చినట్లు తేలితే బ్రిటన్‌లో 10 సంవత్సరాల వరకు దరఖాస్తులు తిరస్కరిస్తారు, అమెరికాలో శాశ్వత అనర్హత కూడా రావచ్చు.

బ్యాంకు ఖాతాలో దరఖాస్తుకు రెండు రోజుల ముందు పెద్ద మొత్తం జమచేసి స్టేట్‌మెంటు తీయడం పాత అలవాటు. అధికారులకు అది వెంటనే కనబడుతుంది. బ్రిటన్ చారిటీ వర్కర్ వీసా వంటివాటికి, సంస్థ హామీ ఇస్తే తప్ప, నిర్దేశించిన సొమ్ము వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. వేరొకరు ఖర్చులు భరిస్తుంటే వారి లేఖ, వారి ఖాతా వివరాలు నేరుగా పెట్టండి.

దరఖాస్తు కేంద్రాలు పత్రాలు తీసుకుని పంపుతాయే తప్ప నిర్ణయం తీసుకోవు. అక్కడి సిబ్బంది గానీ బయట నిలబడిన ఏజెంటు గానీ "వీసా ఖాయం" అని చెబితే ఆ మాటకు విలువ లేదు.

దశ 6: రోజులు లెక్కపెట్టండి

షెంజెన్‌లో 90 రోజుల నియమాన్ని అపార్థం చేసుకున్నంతగా మరే నియమాన్నీ చేసుకోరు. ఏ రోజున చూసినా, ఆ రోజుతో కలిపి వెనక్కి లెక్కించిన 180 రోజుల్లో మీరు అక్కడ ఉన్నవి 90 రోజులు మించకూడదు. ప్రవేశించిన రోజు, బయటికి వచ్చిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. ఒక రోజు బయటికి వెళ్లి వస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుందనుకోవడం పొరపాటు.

మీరు మార్చి 1న వెళ్లి ఏప్రిల్ 29న తిరిగి వచ్చారనుకుందాం. 60 రోజులు అయ్యాయి. మళ్లీ జులై 1న వెళ్లి 45 రోజుల శిబిరంలో చేరాలనుకున్నారు. జులై 30తో 90 పూర్తవుతాయి. మార్చి 1 నాటి రోజు 180 రోజుల పరిధి నుంచి జారిపోయేది ఆగస్టు 28న మాత్రమే. కాబట్టి జులై 31న అక్కడ ఉంటే గడువు దాటినట్లే, శిబిరానికి ఇంకా రెండు వారాలు మిగిలి ఉన్నా సరే. ఐరోపా కమిషన్ వెబ్‌సైటులో ఈ లెక్క వేసే సాధనం ఉంది, చేతి లెక్కను దానితో సరిచూసుకోండి. 2025 అక్టోబరు నుంచి ప్రవేశ, నిష్క్రమణ వివరాలను ఎలక్ట్రానిక్ పద్ధతిలో నమోదు చేయడం మొదలైంది, ముద్ర సరిగ్గా పడలేదన్న వాదనకు ఇక చోటు లేదు.

దశ 7: వీసా చేతికి రాగానే చదవండి

పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు సంఖ్య అక్షరం అక్షరం సరిచూడండి. తర్వాత మూడు వివరాలు చూడండి: చెల్లుబాటు తేదీలు, ఎన్నిసార్లు ప్రవేశించవచ్చు, ఒక్కోసారి ఎన్ని రోజులు ఉండవచ్చు. మొదటిదానికీ మూడవదానికీ చాలామంది తేడా గమనించరు. ఆరు నెలలు చెల్లే వీసా మీద 30 రోజులే ఉండేందుకు అనుమతి ఉండవచ్చు. ఒకేసారి ప్రవేశించే వీసా అయితే మధ్యలో పొరుగుదేశం చూసివచ్చే ఆలోచన మానుకోండి.

ఆస్ట్రేలియా వీసా షరతులను వీవో అనే ఆన్‌లైన్ వ్యవస్థలో చూడవచ్చు, అక్కడ 8101 అని కనిపిస్తే పని నిషిద్ధమని అర్థం. అమెరికాలో ప్రవేశించాక మీ ప్రవేశాన్ని నమోదు చేసే ఐ-94 రికార్డును ఆన్‌లైన్‌లో తెరిచి, ఏ తరగతిలో ప్రవేశం ఇచ్చారో, ఏ తేదీ వరకు ఉండవచ్చో చూడాలి. వీసా స్టిక్కరు మీది తేదీ కాదు, ఈ తేదీయే మీకు వర్తిస్తుంది. తప్పు కనబడితే ఆ వారమే సరిచేయించుకోండి.

దశ 8: బీమా, టీకాలు

షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అయితే వీసాకు సరిపోయే పాలసీ మీ పనికి సరిపోతుందని అనుకోవద్దు. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి శారీరక శ్రమ, ఎత్తులో పని, యంత్రాలతో పని మినహాయింపులుగా ఉంటాయి. మినహాయింపుల పేజీ చదివి, "ఈ పని చేస్తుండగా గాయపడితే వర్తిస్తుందా" అని కంపెనీని ఈమెయిలులో అడిగి జవాబు తీసుకోండి. మారుమూల ప్రాంతమైతే అత్యవసర తరలింపు ఖర్చు కూడా పాలసీలో ఉండాలి.

పసుపు జ్వరం టీకా పత్రం అడిగే దేశాలకు వెళ్లేవారు, లేదా ఆ జ్వరం ఉన్న దేశాల మీదుగా వెళ్లేవారు, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే టీకా వేయించుకోవాలి. పత్రం 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. 2016 జులై 11 నుంచి అది జీవితాంతం చెల్లుబాటు అవుతోంది.

దశ 9: సరిహద్దులో

వీసా ఉన్నంత మాత్రాన ప్రవేశం ఖాయం కాదు. ఆహ్వాన లేఖ, తిరుగు టికెట్టు, బీమా, వసతి చిరునామా, సంస్థ ఫోను నంబరు చేతి సంచిలో అచ్చు ప్రతులుగా ఉంచుకోండి. అడిగినదానికి క్లుప్తంగా, దరఖాస్తులో రాసినదే చెప్పండి. కొన్ని దేశాల అధికారులకు ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు తనిఖీ చేసే అధికారం ఉంది. "పని ఎప్పుడు మొదలు", "షిఫ్టు ఎన్ని గంటలు" అన్న సందేశాలు పర్యాటకుడినని చెప్పినవారిని అక్కడే పట్టిస్తాయి. నిజం చెప్పినవారికి ఆ సందేశాల వల్ల భయం లేదు.

దశ 10: చేరిన తర్వాత

కొన్ని దేశాల్లో చేరిన కొద్దిరోజుల్లో చిరునామా నమోదు చేయించాలి, గడువును ముందే తెలుసుకోండి. పాస్‌పోర్టును సంస్థకు "భద్రత కోసం" అప్పగించవద్దు, ప్రతి ఇవ్వండి. ఒప్పుకున్నది కాక వేరే పని అప్పగిస్తే, ముఖ్యంగా జీతమిచ్చే ఉద్యోగి స్థానంలో నిలబెడితే, రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. పరిస్థితి మారకపోతే ఆ పని ఆపండి. వీసా షరతు ఉల్లంఘన మీ పేరు మీదే నమోదవుతుంది.

గడువు పొడిగించాలనుకుంటే ముగియడానికి చాలా ముందే అడగండి. అమెరికాలో అనుమతి లేకుండా 180 రోజులు దాటి ఉండి వెళ్లిపోతే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి ప్రవేశించే వీలుండదు.

వీసా తిరస్కరిస్తే

కారణం చదవకుండా మర్నాడే అవే పత్రాలతో మళ్లీ దరఖాస్తు చేయడం రుసుమును వృథా చేసుకోవడమే. షెంజెన్ దేశాలు కారణాలు గుర్తించిన ప్రామాణిక పత్రం ఇస్తాయి, అప్పీలుకు గడువు కూడా అందులోనే ఉంటుంది. అమెరికా అధికారి 214(బి) సెక్షన్ కింద, అంటే స్వదేశానికి తిరిగివెళ్తారన్న నమ్మకం కలగలేదని, తిరస్కరిస్తే అప్పీలు లేదు, పరిస్థితుల్లో మార్పు ఉంటేనే కొత్త దరఖాస్తు వల్ల ప్రయోజనం. ఉద్దేశం స్పష్టంగా లేదన్నది కారణమైతే ఆహ్వాన లేఖను దశ 4 ప్రకారం తిరగరాయించండి. వీసా తరగతే తప్పయితే దశ 2కు వెళ్లి, కావలసిన తరగతికి సంస్థ స్పాన్సర్ చేయగలదో లేదో అడగండి. చేయలేనంటే అదే సంస్థకు స్వదేశం నుంచి అనువాదం, బోధన, సమాచార సేకరణ వంటివాటిలో ఆన్‌లైన్‌లో సాయపడే అవకాశం ఉందేమో కనుక్కోండి. ఐక్యరాజ్య సమితి వాలంటీర్ల కార్యక్రమంలోనూ ఆన్‌లైన్ సేవా విభాగం ఉంది, దానికి వీసా అవసరం లేదు.